వృత్తి క్రీడాకారులు, జట్టు యజమానులు: రాబడిలో వాటా కోసం పోరు

వృత్తి క్రీడల్లో ఆటగాళ్లకూ జట్టు యజమానులకూ నడుమ వచ్చే తగాదాలు పైకి జీతాల గొడవల్లా కనిపిస్తాయి. లోపల నలిగే ప్రశ్నలు వేరు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుకు వెళ్లవచ్చా, లేదా? ఆట మీద వచ్చిన రాబడిలో అతని వంతు ఎంతో ఎవరు నిర్ణయించాలి? ఈ ప్రశ్నలు అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో తేలినంత స్పష్టంగా మరెక్కడా తేలలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో బాస్కెట్‌బాల్ కాలేజీ మైదానాల ఆట. దాని మీద జీతం తీసుకుని బతికే జట్టు ఇక్కడ లేదు కాబట్టి యజమాని లేడు, తగాదా కూడా లేదు. అయితే ఎన్‌బీఏ నమూనాలోని ఫ్రాంచైజీ, జీతాల పరిమితి, ప్రసార హక్కుల సొమ్ము తెలుగు నేలకు క్రికెట్, కబడ్డీల రూపంలో వచ్చి చాలా కాలమైంది. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడు, హైదరాబాద్ తరఫున ఐపీఎల్ ఆడిన డెక్కన్ చార్జర్స్, నేటి కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ ఆ ఏర్పాటులోని వాళ్లే. రెండు చోట్ల అనుభవాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. ఆటగాళ్ల సంఘం తెచ్చేది పెద్ద జీతం కాదు, రాబడితో ముడిపడిన వాటా. సంఘం లేనిచోట జీతం రూపాయల్లో పెరుగుతూనే వాటాలో తరిగిపోగలదు.

ఎన్‌బీఏ ఆటగాళ్ల సంఘానికి 1954లో బోస్టన్ జట్టు ఆటగాడు బాబ్ కూజీ పునాది వేశాడు. యజమానులు దాన్ని గుర్తించడానికే మూడేళ్లు పట్టింది. పింఛను మాట ఎత్తినప్పుడల్లా వాయిదాలే. ఆ ఓపిక 1964 జనవరి 14న బోస్టన్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్ రాత్రి నశించింది. టీవీలో నేరుగా ప్రసారం కావాల్సిన మ్యాచ్ అది. స్టేడియంలో ప్రేక్షకులు కూర్చున్నారు, కెమెరాలు సిద్ధంగా ఉన్నాయి, ఆటగాళ్లు మాత్రం దుస్తులు మార్చుకునే గదిలోంచి కదల్లేదు. పింఛనుపై హామీ ఇస్తేనే వస్తామన్నారు. లేకర్స్ యజమాని బాబ్ షార్ట్ తన జట్టు తారలు ఎల్జిన్ బేలర్, జెర్రీ వెస్ట్‌లకు బెదిరింపు కబురు పంపాడు. వాళ్లు లొంగలేదు. చివరికి లీగ్ అధ్యక్షుడు వాల్టర్ కెనెడీ గదికి వచ్చి మాట ఇచ్చాకే, ఆలస్యంగా, ఆట మొదలైంది. ఆ రాత్రి ఆ గదిలో ఉన్నవాళ్లంతా లీగ్‌లో అగ్రశ్రేణి ఆటగాళ్లు. పింఛను అవసరం వాళ్లకంటే బెంచీ మీది ఆటగాళ్లకే ఎక్కువ. పేరున్నవాడు పేరులేనివాడి కోసం నిలబడితేనే సంఘానికి బలమన్నది అప్పుడే రుజువైంది. భారత క్రీడల్లో ఇప్పటికీ కొరవడింది ఇదే.

పింఛను తర్వాత వంతు కట్టుబానిసత్వానిది. అప్పట్లో ఎన్‌బీఏ కాంట్రాక్టుల్లో ‘రిజర్వ్ నిబంధన’ ఉండేది. గడువు తీరినా ఆటగాడిపై హక్కు పాత జట్టుకే ఉంటుంది. వాళ్లు ఇచ్చింది పుచ్చుకుని ఆడాలి, లేదా ఆట మానుకోవాలి. 1967లో ఏబీఏ పేరుతో పోటీ లీగ్ పుట్టడంతో ఆటగాళ్లకు రెండో గుమ్మం తెరుచుకుంది, జీతాలు పెరిగాయి. యజమానులు రెండు లీగ్‌లనూ కలిపేయాలని చూసేసరికి, 1970లో సంఘం అధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కోర్టుకెక్కాడు. ఆరేళ్ల తర్వాత, 1976లో రాజీ కుదిరింది. నాలుగు ఏబీఏ జట్లు ఎన్‌బీఏలో చేరాయి, రిజర్వ్ నిబంధన అంచెలంచెలుగా కరిగింది. ఏ ఆంక్షా లేకుండా జట్టు మారే హక్కు 1988 నాటికి గానీ రాలేదు. కళాకారుణ్ణి కాంట్రాక్టుతో కట్టిపడేయడం తెనాలి ప్రాంతానికి తెలియని సంగతి కాదు. ఈ ప్రాంతం నుంచి వెళ్లి తెలుగు తెరను ఏలిన కాంచనమాల 1942లో ‘బాలనాగమ్మ’ ఘనవిజయం తర్వాత తెరమరుగయ్యారు. జెమినీ స్టూడియో అధినేత ఎస్.ఎస్. వాసన్‌తో వచ్చిన వివాదం, బయటి చిత్రాలకు అడ్డుపడిన కాంట్రాక్టు ఇందుకు కారణమని సినీ చరిత్ర రాసినవాళ్లు తరచూ చెబుతారు. ఆమె వెనుక ఒక సంఘం లేదు, ఆమె తరఫున కోర్టులో నిలబడ్డ సహనటులూ లేరు. రాబర్ట్‌సన్ కేసులో మాత్రం ప్రతి జట్టు ప్రతినిధీ వాదిగా చేరాడు. ఇద్దరి దారులూ వేరు కావడంలో ప్రతిభ ప్రమేయం ఏమీ లేదు.

1983 ఒప్పందం ఎన్‌బీఏని మలుపు తిప్పింది. నష్టాల్లో ఉన్నామని యజమానులు జట్టుకు జీతాల పరిమితి అడిగారు. సంఘం ఒప్పుకుంది, ఒక షరతు మీద: లీగ్ రాబడిలో 53 శాతం ఆటగాళ్లకు రావాలి. 1984-85లో జట్టుకు 36 లక్షల డాలర్లుగా మొదలైన ఆ పరిమితి 2025-26లో 15 కోట్ల 46 లక్షల డాలర్లు దాటింది. పరిమితి అంటే ఆటగాడికి పెట్టిన పగ్గమని అనుకుంటాం. దాన్ని రాబడికి ముడివేస్తే అదే పగ్గం యజమానినీ పట్టి ఉంచుతుంది. అక్కడి నుంచి గొడవలన్నీ ఆ శాతం చుట్టూనే. 1998 జులై 1న యజమానులు గేట్లు మూశారు. 1999 జనవరి దాకా 204 రోజులు ఆట లేదు, 82 మ్యాచ్‌ల సీజన్ 50కి కుదించుకుపోయింది, ఒక్కో ఆటగాడి జీతానికి గరిష్ఠ హద్దు వచ్చింది. 2011లో మళ్లీ 161 రోజుల లాకౌట్, 66 మ్యాచ్‌ల సీజన్. ఆటగాళ్ల వాటా 57 శాతం నుంచి 49-51 మధ్యకు దిగింది. అంటే ఆటగాళ్లు ఓడిపోయారు, అందులో దాపరికం అక్కర్లేదు. ఓడాక కూడా సగం దగ్గర నిలిచారన్నది గమనించాలి. ఆ సగం నిజంగా అందేలా చూసే ఏర్పాటు కూడా ఒప్పందంలోనే ఉంది. జీతాల్లో కొంత భాగాన్ని ఏటా పక్కన పెట్టి, రాబడి లెక్క తేలాక వాటా మించితే యజమానులకు, తగ్గితే ఆటగాళ్లకు సర్దుతారు. అందుకోసం లీగ్ ఖాతాల లెక్క ఆటగాళ్ల సంఘం ముందుకూ రావాలి. మరో మాట కూడా చెప్పాలి. జీతాల విషయంలో ఎన్‌బీఏ ఆటగాళ్లు సమ్మె చేసి సీజన్ మ్యాచ్‌లను ఆపిన సందర్భం ఇప్పటిదాకా లేదు. ఈ తగాదాల్లో రద్దయిన మ్యాచ్‌లన్నీ యజమానుల లాకౌట్ల ఖాతాలోవే. డబ్బాశతో ఆటగాళ్లే ఆటను ఆపేశారన్న అపవాదు అక్కడ బాగా వినిపిస్తుంది, అది నిజం కాదు.

ఇక మన దగ్గరకు వద్దాం. 2004లో అండర్-19 ప్రపంచకప్‌లో భారత్‌కు నాయకత్వం వహించిన అంబటి రాయుడు 2007లో సుభాష్ చంద్ర స్థాపించిన ఇండియన్ క్రికెట్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ జట్టుకు సంతకం చేశాడు. ఏబీఏ అమెరికాలో తెరిచిన రెండో గుమ్మం లాంటిదే అది. కానీ క్రికెట్ బోర్డు ఆ గుమ్మం దాటినవాళ్లందరినీ నిషేధించింది. దేశవాళీ మ్యాచ్‌లు లేవు, భారత జట్టు తలుపులు మూసుకుపోయాయి. లీగ్ రెండేళ్లలో కుప్పకూలింది, చాలామంది ఆటగాళ్లకు బకాయిలు మిగిలాయి. 2009లో బోర్డు క్షమాభిక్ష పెట్టాకే రాయుడు వెనక్కి రాగలిగాడు. భారత జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడేసరికి 2013 వచ్చింది. ఆ ఏడాదే ఫిబ్రవరిలో కాంపిటిషన్ కమిషన్ బోర్డుకు 52.24 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ఐపీఎల్‌కు పోటీ లీగ్ దేనికీ అనుమతి ఇవ్వబోమని ప్రసార ఒప్పందంలో బోర్డు రాసిచ్చిన మాట ఆధిపత్య దుర్వినియోగమని తేల్చింది. 2015లో అప్పీలేట్ ట్రిబ్యునల్ దాన్ని పక్కన పెట్టింది, 2017లో కమిషన్ మళ్లీ అదే జరిమానా వేసింది. ఈ కేసును నడిపించింది ఒక క్రికెట్ అభిమాని ఫిర్యాదు. రాబర్ట్‌సన్ పని ఇక్కడ ప్రేక్షకుడు చేయాల్సి వచ్చింది, ఆటగాడు నోరు తెరిచే పరిస్థితి లేకపోవడం వల్ల.

ఐపీఎల్ లోపల కూడా కదలికకు హద్దులున్నాయి. రాజస్థాన్ రాయల్స్‌తో ఉండగా వేరే జట్టుతో బేరం మాట్లాడాడని రవీంద్ర జడేజాను 2010 సీజన్ మొత్తానికీ దూరం పెట్టారు. హైదరాబాద్‌కు సంబంధించిన కథ ఇంకా గట్టిది. 2009 విజేత డెక్కన్ చార్జర్స్‌ను 2012 సెప్టెంబరులో బోర్డు రద్దు చేసింది. చూపిన కారణాల్లో ఆటగాళ్లకు జీతాలు చెల్లించకపోవడం ఒకటి. అంతకు ముందే విదేశీ ఆటగాళ్ల తరఫున అంతర్జాతీయ క్రికెటర్ల సంఘాల సమాఖ్య బకాయిల గురించి గట్టిగా అడిగింది. మన ఆటగాళ్ల తరఫున అలా అడిగేందుకు ఒక సంస్థంటూ లేదు. తర్వాత నడిచిన వ్యాజ్యమంతా బోర్డుకూ ఫ్రాంచైజీ యాజమాన్యానికీ మధ్యే. 2020లో మధ్యవర్తి యాజమాన్యానికి 4,800 కోట్లకు పైగా పరిహారం ఇవ్వాలన్నారు, 2021లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. వేల కోట్ల ఆ తగాదాలో ఆటగాళ్ల జీతం ఒక ఆరోపణగా మాత్రమే కనిపిస్తుంది, ఆటగాళ్లు ఒక పక్షంగా కనిపించరు.

వాటా లెక్క చూస్తే ఈ లోటు అంకెల్లోనే తెలుస్తుంది. 2008లో ఎనిమిది ఐపీఎల్ జట్లకు తలా 50 లక్షల డాలర్ల వేలం సొమ్ము, మొత్తం నాలుగు కోట్ల డాలర్లు. ప్రసార ఒప్పందం పదేళ్లకు దాదాపు వంద కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి పది కోట్లు. ఆటగాళ్ల జీతాలు ప్రసార సొమ్ములో నలభై శాతం దాకా వచ్చేవి. 2018తో మొదలైన ఐదేళ్ల ప్రసార హక్కులు 16,347.5 కోట్ల రూపాయలకు పోయాయి, ఆ ఏడాది జట్టు పరిమితి 80 కోట్లు. వాటా ఇరవై శాతానికి దిగింది. 2023-27కు హక్కులు 48,390 కోట్లు పలికాయి. 2023లో పది జట్లకు తలా 95 కోట్లు, అంటే ఏడాది ప్రసార సొమ్ములో సుమారు పది శాతం. 2025లో మ్యాచ్ ఫీజులు, ప్రతిభ బోనస్‌లతో కలిపి జట్టు పరిమితిని 146 కోట్లకు పెంచాక అది పదిహేను దగ్గరకు వచ్చింది. ప్రాయోజకుల డబ్బు, టికెట్ల రాబడి ఈ లెక్కలో చేరలేదు. వాటినీ కలిపితే శాతం ఇంకా తగ్గుతుంది. పదిహేడేళ్లలో ఆటగాళ్ల మొత్తం జీతం ఎన్నో రెట్లు పెరిగింది, ప్రసార సొమ్ములో వాళ్ల భాగం సగానికంటే తక్కువకు పడిపోయింది. 2025లో వచ్చిన పెంపు మంచిదే. కానీ అది బోర్డు ప్రకటించిన నిర్ణయం. ఆటగాళ్లతో కూర్చుని చేసుకున్న ఒప్పందం కాదు గనుక, రేపు హక్కుల ధర రెట్టింపైనా జీతాలు దాంతోపాటు పెరగాలన్న కట్టుబాటు ఎక్కడా లేదు.

కోటీశ్వరులకు కార్మిక హక్కులేమిటన్నది వెంటనే వచ్చే అభ్యంతరం. 2025 సీజన్ ఐపీఎల్ వేలంలో ఒక ఆటగాడికి 27 కోట్లు పలికిన మాట నిజమే. అదే వేలంలో గుంటూరు కుర్రాడు, 2022లో అండర్-19 ప్రపంచకప్ గెలిచిన జట్టు ఉపనాయకుడు షేక్ రషీద్‌ను 30 లక్షల కనీస ధరకు తీసుకున్నారు. వేలం దాకా రానివాళ్ల సంగతి చూస్తే అభ్యంతరం ఇంకా పలచబడుతుంది. రంజీ ఆటగాడికి 2021 నుంచి రోజుకు 40 వేల నుంచి 60 వేల రూపాయలు, ఆడిన మ్యాచ్‌ల సంఖ్యను బట్టి. తుది జట్టులో లేకపోతే అందులో సగం. ఏడాది కాంట్రాక్టు లేదు. బాపట్లనుంచో రేపల్లెనుంచో ఒక ఫాస్ట్ బౌలర్ ఆంధ్ర జట్టుకు ఎంపికయ్యాడనుకుందాం. నవంబరులో వెన్ను పట్టేస్తే మిగిలిన సీజన్ ఫీజు పోయినట్టే. పింఛను కోసం 1964లో గదిలో కూర్చున్న తారలు గుర్తుంచుకున్నది ఇలాంటి ఆటగాణ్ణే. పైగా వృత్తి క్రీడ జీవితం చిన్నది. ఎన్‌బీఏలో సైతం సగటు ఆటగాడు ఐదేళ్లు నిలవడమే కష్టం. ముప్ఫై ఐదేళ్లకు సంపాదన ముగిసే పనిలో ఒక ఏడాది నిషేధం, ఒక ఏడాది బకాయి ఎంత నష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

పరిమితి లేకపోతే ధనిక జట్లు మంచి ఆటగాళ్లనంతా కొనేసుకుంటాయి, చిన్న జట్లు మట్టి కరుస్తాయన్న వాదన ఇంతకంటే బరువైనది. దీన్ని కొట్టిపారేయలేం. ఎన్‌బీఏ సంఘం కూడా 1983లో ఈ వాదన ముందు తలవంచింది. అయితే పరిమితి ఉండడం ఒక ప్రశ్న, దాని మొత్తాన్ని ఎవరు తేలుస్తారన్నది వేరే ప్రశ్న. 2023 ప్రో కబడ్డీ వేలంలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొన్నది. జట్టు మొత్తం పరిమితి 5 కోట్లు. ఒక్కడికి సగానికి పైగా పోయాక మిగిలిన జట్టంతా 2 కోట్ల 39 లక్షల 50 వేలలో సర్దుకోవాలి. పరిమితి గట్టిగా ఉన్నచోట తారకు పెరిగిన ప్రతి రూపాయీ తోటి ఆటగాడి జేబులోంచి వస్తుంది, యజమాని జేబులోంచి కాదు. ఎన్‌బీఏలో 1998-99 లాకౌట్ వేళ ఈ చీలికే సంఘాన్ని వేధించింది. గరిష్ఠ జీతంతో తారలు నష్టపోయారు, మధ్యతరగతి ఆటగాళ్లకు కొంత ఊరట దక్కింది. ఇష్టమున్నా లేకపోయినా ఆ పంపకాన్ని ఆటగాళ్లే ఓటు వేసి ఒప్పుకున్నారు. టైటాన్స్ ఆటగాళ్లకు పరిమితి ఐదు కోట్లా, ఎనిమిదా అని చర్చించే వేదికే లేదు.

కబడ్డీ వైపు నుంచే ఈ వాదానికి అడ్డంగా ఒక లెక్క ఎదురొస్తుంది. పన్నెండు జట్లకు ఐదేసి కోట్లంటే 60 కోట్లు. 2021-25 ప్రసార హక్కులు సుమారు 908 కోట్లు, ఏడాదికి 181 కోట్ల పైమాట. వాటా మూడో వంతు. మహిళల ప్రీమియర్ లీగ్‌లో 2025లో ఐదు జట్లకు 15 కోట్ల చొప్పున 75 కోట్లు, ప్రసార హక్కులు ఐదేళ్లకు 951 కోట్లు, వాటా నలభై శాతానికి చేరువ. సంఘం లేకుండానే మంచి వాటా వస్తున్నట్టే కదా? 2008 ఐపీఎల్ అంకెలతో పోల్చితే జవాబు దొరుకుతుంది. కొత్త లీగ్ జట్లు నింపుకోవడానికి ఉదారంగా ఖర్చు పెడుతుంది. హక్కుల ధర పెరిగాక పాత జీతాలు చిన్నవైపోతాయి. కబడ్డీ విషయంలో ఇంకో చిక్కు కూడా ఉంది. హక్కులు కొన్న స్టార్ సంస్థకే లీగ్ నడిపే మషాల్ స్పోర్ట్స్‌లో అధిక వాటా ఉండడంతో ఆ 908 కోట్లు బయటి మార్కెట్ తేల్చిన ధర కాదు. ఇక క్రికెట్ బోర్డు లాభం పంచుకునే ప్రైవేటు యజమాని కాదు, ఆ డబ్బు మైదానాలకూ, జూనియర్ క్రికెట్‌కూ పోతుందన్న మాటలో కొంత బలముంది. తన రాబడిలో 26 శాతం ఆటగాళ్లకన్న సూత్రం కూడా బోర్డుకు ఉంది, కానీ అది దేశం తరఫునా రాష్ట్రాల తరఫునా ఆడే మ్యాచ్‌ల ఫీజుల లెక్క. ఐపీఎల్ ఫ్రాంచైజీలు మాత్రం పక్కా వ్యాపార సంస్థలు. ప్రసార సొమ్ములో పెద్ద భాగం వాటికే చేరుతుంది. జట్టు విలువ పెరిగితే ఆ లాభం పూర్తిగా యజమానిదే.

తెలుగు వినోద రంగంలోనే సంఘం ఏం చేయగలదో 2025 ఆగస్టు చూపించింది. ముప్ఫై శాతం వేతన పెంపు అడిగిన తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ కార్మికులు ఆగస్టు 4 నుంచి షూటింగులకు వెళ్లలేదు. నిర్మాతలు మొదట ససేమిరా అన్నారు. 18 రోజుల తర్వాత, తెలంగాణ ప్రభుత్వ జోక్యంతో, మూడేళ్లలో 22.5 శాతానికి రాజీ కుదిరింది. లైట్లు మోసేవాళ్లు, మేకప్ చేసేవాళ్లు, డ్రైవర్లు, రోజుకూలీ మీద బతికేవాళ్లు బేరం చేయగలిగారు. అదే హైదరాబాద్ పేరు చొక్కా మీద వేసుకుని ఆడే కోట్ల విలువైన ఆటగాడు చేయలేకపోతున్నాడు. చట్టం అడ్డమని అనలేం. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ఏడుగురు కలిసినా సంఘం నమోదు చేసుకోనిచ్చింది. అసలు అడ్డు భయం. దేశంలో ఆటకు ఒకే బోర్డు, ఆ బోర్డు చేతుల్లోనే లీగ్ కూడా, భారత జట్టు ఎంపిక కూడా. ఎన్‌బీఏ ఆటగాడు యజమానిని ఎదిరిస్తే జీతం పోగొట్టుకుంటాడు. ఇక్కడ ఎదిరిస్తే దేశం తరఫున ఆడే అవకాశమే పోతుంది. రాయుడి తరం అది కళ్లారా చూసింది.

క్రికెట్ బోర్డు సంస్కరణలపై లోధా కమిటీ చేసిన సిఫార్సుల ఫలితంగా 2019లో ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ ఏర్పడింది. మాజీ ఆటగాళ్ల సంక్షేమానికి అది పనిచేస్తోంది, అది అవసరమైన పనే. ప్రస్తుతం ఆడుతున్నవాళ్లకు మాత్రం అందులో సభ్యత్వం లేదు. జీతం తీసుకుంటున్నవాడు లేని సంఘం జీతం గురించి బేరం చేయలేదు. ఐపీఎల్ జట్టు పరిమితి 2026లో 151 కోట్లు, 2027లో 157 కోట్లుగా ముందే ప్రకటించారు. ప్రస్తుత ప్రసార ఒప్పందం 2027 సీజన్‌తో ముగుస్తుంది. ఆ తర్వాతి హక్కుల వేలంలో కూర్చునేది బోర్డు, కొనుగోలుకు వచ్చే ప్రసార సంస్థలు. వచ్చిన సొమ్ము పంపకంలో మాట చెల్లేది బోర్డుకూ పది ఫ్రాంచైజీలకూ.